మా ఊరి ఇజ్రాయిళ్లు

మా నార్పలలో ఇజ్రాయిల్ అంటే వన్నూరప్ప.
పాసుపోర్టు లేదు, గుంతకల్లు దాటి రైలెక్కలేదు,
చీనీ తోటలకు డ్రిప్పు పైపులు పరుస్తాడు, అంతే.
ఎప్పుడో ఒక ఆఫీసరు మైకు పట్టుకోని
"ఇది ఇజ్రాయిల్ పద్ధతి" అన్నప్పటి నుంచి
"ఇజ్రాయిల్ వచ్చినాడు, మోటారు ఆపండ్రా" అంటారు.

అట్లనే ఆ దేశం మా నోళ్లలో పెరిగింది.
అంతా ఇసకంట, వాన చుక్క రాలదంట.
పుట్టిన బిడ్డకు పాలపీక బదులు తుపాకి ఇస్తారంట.
అందరూ తెల్లోళ్లంట, అందరి దగ్గరా లెక్కుంటాదంట,
మెదడు మనకంటే అరకిలో ఎక్కువ తూగుతాదంట.
యేసేబు తాతయితే
ఆడ ఇంటింటా క్రిస్మస్ నక్షత్రమే అనేవాడు.
నేనూ తలూపినోణ్ణే.
ఎరువులంగడి బెంచీ మీద, చేతిలో టీ గ్లాసుంటే
చూడని ఊరి గురించి
ఎంత ధైర్యంగా మాట్లాడొచ్చో!

చీనీ పూత టైముకు కెజియమ్మ తిరిగొచ్చింది,
ఆరేండ్లు రెహోవోతులో ఒక ముసలామెను చూసుకోని.
తాత లేచి నిలబడినాడు.
"దేవుని జనం ఎట్లుండారు పాపా?"
"మోకాళ్ల నొప్పులతో ఉండారు తాతా."

ఆ అవ్వ పేరు మజల్.
యెమెన్ నుంచి చిన్నపిల్లగా వచ్చిందంట,
అచ్చం మా సుంకులమ్మత్త రంగు.
పచ్చిమిరక్కాయ, కొత్తిమీర, తెల్లగడ్డ
కచ్చాపచ్చాగా నూరి రొట్టెకు పూసుకోని
కండ్లలో నీళ్లు కారుతాంటే "ఇంకొంచెం" అంటాదంట.
కూతురు సూపర్ మార్కెట్టులో గల్లా కాడ కూర్చుంటాదంట,
నెలాఖరుకు బాడిగకు తడుముకుంటాదంట.
పెద్దకొడుకు శనివారం లైటు స్విచ్చి ముట్టడు,
చిన్నకొడుకు శనివారం సముద్రానికి పోతాడు.
మనవడు పటాలంలో ఉండాడు,
మనవరాలు సర్కారు మీద అరిచేదానికి రోడ్డెక్కుతాది.
"ఒక ఇంట్లోనే ఒక మాట లేదు మామా,
దేశానికంతా యాడ నుంచి వస్తాది?"

క్రిస్మస్ నాడు బస్సులు మామూలుగానే తిరిగినాయంట.
కిటికీ పక్క సీట్లో తానొక్కతే
సన్నగా పాట పాడుకునిందంట.
యేసేబు తాత టీ చల్లారిపాయె.

మందులంగడి సమీర్ అరబ్బంట, ఆయనా ఆ దేశమోడేనంట.
"ఆడ అరబ్బులు కూడా ఉండారా?"
వన్నూరప్ప తెరిచిన నోరు మూయలేదు.
"అయిదుగురిలో ఒకరన్నా."

ఎవరో యుద్ధం సంగతి ఎత్తినారు.
కెజియమ్మ కొంగు చివర మడిచింది, విప్పింది.
"సైరన్ మోగితే అవ్వను కుర్చీతో సహా
కిటికీ లేని గదిలోకి తోసేదాన్ని.
టీవీలో అవతలోళ్ల ఇండ్లు కూలి కనపడితే
అవ్వ రిమోటు తీసుకునేది. ఆపేది కాదు.
సౌండు తగ్గించి చూస్తా కూర్చునేది.
ఏమనుకునిందో నేను అడగలేదు.
మీరు నన్ను అడగొద్దండి."

కొంచేపటికి తనే నవ్వింది.
ఒకనాడు ఆ మనవడు ఫోన్లో మన జిల్లా పేరు కొట్టినాడంట.
గాల్లోకి లేసిన సుమోలు, కొడవండ్లు, బాంబులు.
"మీ నాయన కూడానా?" అన్నాడంట, కొంచెం ఎడంగా జరిగి.
"మా నాయన చేతిలో కొడవలున్న మాట నిజమే నాయనా,
చీనీకాయల గంపలో పరిచేదానికి గడ్డి కోసేటోడు."

బెంచీ అంతా పగలబడి నవ్వింది.
తర్వాత ఒకరి వెనక ఒకరం ఆపినాం.
ఎందుకు ఆపినామో ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం వన్నూరప్ప మా తోటకొచ్చినాడు.
ఉప్పు పట్టిన డ్రిప్పర్లు విప్పి, తుమ్మముల్లుతో పొడిచి,
నోట్లో పెట్టుకోని ఊదుతా ఊదుతా
పైపును ఎండకెత్తి, చెరిగిన అక్షరాలు కూడబలుక్కున్నాడు.
"మహారాష్ట్రలో చేసిందంట మామా ఇది!
ఇన్నేండ్లూ నన్ను ఎవరూ అడగలేదు,
నేనూ చదవలేదు."

ఇప్పుడు మా ఊర్లో ఇద్దరుండారు.
"పోయి ఇజ్రాయిల్‌ను పిలుచుకోని రా" అంటే
పిల్లోడు గడప కాడ ఆగి
వెనక్కి తిరిగి అడుగుతాడు:
"ఏ ఇజ్రాయిల్‌నబ్బా?"